స్టేటస్‌లో హాజరు, బూత్‌లో గైర్హాజరు

జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలో నాలుగు లక్షల మంది ఓటర్లుంటే, 2025 నవంబరు 11న పోలింగ్ 48 శాతం దగ్గరే ఆగింది. జాబితా లెక్కన రెండు లక్షల మందికి పైగా ఓటెయ్యలేదు. అంతకుముందు నెల రోజులూ ఫోన్ తెరిస్తే పార్టీల గొడవే. ఒక్క పోస్టు మీద బావా బావమరుదులు మాటలు మానేసుకునేంత పంతం ఉన్న నగరం ఇది. ఆ పంతమంతా పోలింగ్ రోజు ఏమైపోయింది?

ఇది ఒక్కసారి జరిగిందీ కాదు. 2020 హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికల్లో 46 శాతం చిల్లర. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్, సికింద్రాబాద్ రెండు చోట్లా సగం కూడా దాటలేదు. అదే పల్లెలున్న మునుగోడులో 2022 ఉప ఎన్నికకు 93 శాతం. అక్కడ పారిన డబ్బు గురించి అప్పుడే రాశాం, ఇప్పుడూ అదే అంటాం, కానీ ఎండలో నిలబడి ఓటేసిన ముసలివాళ్లను తక్కువ చెయ్యలేం.

జాబితాలో చనిపోయినవాళ్లు, ఇల్లు మారినవాళ్లు ఉన్నారనీ, రోజుకూలీకి సెలవు దొరకదనీ అంటారు. నిజమే. అభిప్రాయం చెప్పుకోవడం అందరి హక్కు, అదీ నిజమే. కానీ మేం అడిగేది కూలీని కాదు. సెలవు తీసుకుని, ఏసీ వేసుకుని, సోఫాలోంచి ఎదుటి పార్టీవాళ్లను బానిసలని తిట్టినవాళ్లను.

ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపైనా చూడండి. రాత్రి పదకొండున్నరకు ఒకాయన ముఖ్యమంత్రిని తిడుతూ వీడియో పెడతాడు, ఇంకొకాయన మాజీని తిడుతూ రెండు పెడతాడు, అర్ధరాత్రికి అడ్మిన్ గ్రూపుకి తాళం వేస్తాడు. మధ్యలో మూడో అంతస్తు ఆవిడ "గేటు ముందు మ్యాన్‌హోల్ మూత పగిలింది, పిల్లలు తిరిగే దారి, రేపు వార్డు ఆఫీసుకి నాతో ఎవరైనా వస్తారా" అని పెట్టిన మెసేజ్‌కి ఒక్క జవాబు ఉండదు. దేశాన్ని కాపాడే పనిలో అందరూ బిజీ.

పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద ఆ రోడ్డు పని లెక్క అడగొచ్చు, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. మూడు లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్పి మూడు దశాబ్దాలు దాటింది. వాటి గురించి ఎవరు స్టేటస్ పెట్టారు? నాయకులకు కావాల్సిందీ ఇదే. జెండా పట్టుకుని కొట్టుకునేవాళ్లు ఉన్నంతకాలం, పగిలిన మూత గురించి అడిగే మనిషి ఒంటరే.

ఇల్లు మారితే ఓటరు జాబితాలో చిరునామా మార్చే ఫారం 8 నింపండి, ఫోన్లోనే అయిపోతుంది. ముందు మీ బూత్ ఏ బడిలో ఉందో తెలుసుకోండి, ఆ తర్వాత పక్కింటాయన పార్టీ సంగతి చూద్దురు.