తంతు వేరు, ఖర్చు వేరు

పెళ్లికి సంతకం చాలు, మిగతా తంతంతా దండగ అని ఒక వ్యాసంలో రాశారు. అప్పు చేసి ఆర్భాటం చేయడం దండగే, కాదనను. కానీ తంతు వేరు, ఖర్చు వేరండీ. ఐరోపాలో ఒకప్పుడు ఇద్దరూ ఒప్పుకుంటే చాలు, పెళ్లి అయిపోయినట్టే లెక్క. తర్వాత ఒకరు 'నేనా మాటే అనలేదు' అని అడ్డం తిరిగితే, సాక్షులు లేనప్పుడు రెండోవాళ్లకి రుజువు చేసుకునే దారే ఉండేది కాదు, అందుకే 1563లో ట్రెంట్ నగరంలో జరిగిన క్యాథలిక్ మతపెద్దల మహాసభ మతగురువు, ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే పెళ్లి చెల్లుతుందని తేల్చింది. 1962 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం కూడా పెళ్లికి సమ్మతిని అధికారి ముందు, సాక్షుల ముందు స్వయంగా చెప్పాలనే అంటుంది.

మా చెల్లి పెళ్లి రిజిస్ట్రార్ ఆఫీసులోనే జరిగింది, పది మందిమి కూడా లేము. చెప్పాల్సిన వాక్యం మధ్యలో దాని గొంతు పెగల్లేదు, పెన్ను పట్టుకున్న వేళ్లు వణికాయి. మేమంతా కదలకుండా నిలబడ్డాం. మళ్లీ మొదట్నుంచి, గట్టిగా చెప్పింది. అదీ తంతంటే!

పెళ్లి ఒక్కటే కాదు. మా నాన్న ముప్పై ఏళ్ల పైన చేసిన ఉద్యోగం నుంచి రిటైరైన రోజు ఒక్కరూ లేచి రెండు మాటలు మాట్లాడలేదు. బీరువా తాళాలు టేబుల్ మీద పెట్టి ఇంటికొచ్చేశారు. నెల దాటినా పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కాసేపు కూర్చుని, మళ్లీ విప్పేసేవారు.