కీ తీసినా ఆగని ఇంజన్

బండి పొగ వదులుతోందంటే చాలు, నల్లగొండలో ప్రతి మనిషికీ దాని మీద ఒక అభిప్రాయం ఉంటుంది. నల్ల పొగ అయితే డీజిల్ ఎక్కువ పోతోందని, తెల్ల పొగ అయితే డీజిల్ కాలకుండా వస్తోందనో నీళ్లు కలుస్తున్నాయనో, నీలం పొగ అయితే ఇంజన్ ఆయిల్ తాగుతోందని లెక్క. లెక్క తప్పేం కాదు. చిక్కల్లా మా నాన్న బండి వదిలే పొగ ఏ రంగో ఇద్దరు మనుషులు ఎప్పుడూ ఒప్పుకోకపోవడంలో ఉంది. పక్కింటి రిటైర్డ్ టీచర్ సారు నలుపంటారు, మా బామ్మర్ది తెలుపంటాడు, మా నాన్నయితే అసలు పొగే లేదు, మీ కళ్లద్దాలు తుడుచుకోండి అంటాడు.

ఒక అమావాస్య నాడు చెరువుగట్టు జడల రామలింగేశ్వరస్వామి దర్శనానికి గుట్ట ఎక్కుతున్నాం. వెనకాల వస్తున్న ఆటో డ్రైవర్ మలుపులో పక్కకొచ్చి, "సారూ, జర నన్ను ముందుకు పోనియ్యండి, మీ ఎనక ఉంటే గుడికి పోకముందే దేవుడు కనబడేటట్టున్నడు" అన్నాడు. అది నీలం పొగ అని ఆ రోజు తేలింది.

బండి 2004 మోడల్, టర్బో డీజిల్. ఏ కంపెనీయో చెప్పను, పాపం బండిది తప్పు కాదు, అది చేయాల్సిన దానికంటే ఎక్కువే చేసింది. అమ్మేద్దాం అంటే నాన్న ఒప్పుకోడు. పదిహేనేళ్లు నిండాక గ్రీన్ ట్యాక్స్ కట్టి రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్లు పొడిగించుకున్నాడు కదా, అప్పటి నుంచి ఆయన వాదన ఒకటే, "గవర్నమెంటే బతుకుతదని రాసిచ్చినంక నువ్వెవనివిరా సంపడానికి?"

మెకానిక్ ఉస్తాద్ వచ్చి, ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ మూత తీశాడు. ఆ రంధ్రంలోంచి గుప్పుగుప్పున పొగ కొడుతోంది. పిస్టన్ రింగులు అరిగిపోతే పేలుడు గాలి పిస్టన్ పక్కల నుంచి జారి కిందికి, ఆయిల్ ఉండే చోటికి వచ్చేస్తుంది, అదే ఇది. మూత మళ్లీ పెట్టి, చెయ్యి తుడుచుకుని, "కంప్రెషన్ లేదు పెద్దసారూ, ఇంజన్ దించాలె" అన్నాడు. ఆయన షెడ్డులో జాగా లేదు కాబట్టి మా ఇంటి వెనక రేకుల కిందే దించుదామని, వేరే పని లేనప్పుడు వచ్చి చేస్తానని, అందుకే కూలి తగ్గిస్తానని బేరం కుదిరింది. "వేరే పని లేనప్పుడు" అన్న మాట దగ్గర ఎవరూ ఆగి ఆలోచించలేదు.

పానగల్లు ఛాయా సోమేశ్వరుడి గుడిలో లింగం మీద పడే నీడ పగలంతా ఉన్నచోటే ఉంటుంది, ఆ తర్వాత మా వాకిట్లో బండి కూడా అట్లనే ఉండిపోయింది.

ఆలస్యానికి ఎవర్నీ అనడానికి లేదు, ప్రతి దానికీ న్యాయమైన కారణమే ఉంది. లేత్ షాపాయన పిస్టన్లు చేతికొస్తేనే అరిగిన సిలిండర్లను బోర్ చేస్తానన్నాడు, అంటే లోపల చెక్కి వెడల్పు చేస్తానని. అది సరైన పద్ధతే, పిస్టన్‌ని కొలిచి దానికి సరిపోయేట్టు బోర్ కొట్టాలి. పిస్టన్ల కోసం బామ్మర్ది సికింద్రాబాద్ రాణిగంజ్ పోయాడు. పాయింట్ ఫిఫ్టీ సైజు తెమ్మని చీటీ రాసిస్తే పాయింట్ ట్వంటీఫైవ్ తెచ్చాడు, "షాపాయన ఇది కూడా సెట్ అయితదన్నడు బావా" అన్నాడు. అవి వాపసు పోయి సరైనవి వచ్చేలోపు యాసంగి కోతలు మొదలయ్యాయి. జిల్లాలోని హార్వెస్టర్లూ ట్రాక్టర్లూ అన్నీ ఒకేసారి లేత్ షాపుల ముందు వాలాయి, వడ్లు తడిసిపోతాయేమోనని రైతులు షాపాయన నెత్తి మీద కూర్చుంటే, చెరువుగట్టుకు పోయే మా బండి ఇంజన్ బ్లాకు ఎవడికి కావాలి? అది ఒక మూలన గోనెసంచి కప్పుకుని ఉంది. కోతలు అయ్యేసరికి మూఢం వచ్చింది. మూఢంలో ఇంజన్ బిగించొద్దని అమ్మ. "బిగించుడు శుభకార్యం కాదమ్మా, రిపేరు" అన్నాడు ఉస్తాద్. "ఇంత ఖర్చు వెట్టినంక అది శుభకార్యమే" అంది అమ్మ. ఈ మాటకు మాత్రం నాన్న కూడా ఎదురు చెప్పలేదు.

ఈలోపు ఇంజన్ సామాను మెల్లగా ఇంట్లోకి పాకింది. బోల్టులు టిఫిన్ డబ్బాల్లోకి చేరాయి, కనెక్టింగ్ రాడ్లు దేవుడి గది పక్క సజ్జ మీదికెక్కాయి. ఎనిమిది వాల్వులనూ స్వీట్ డబ్బా అట్టకు రంధ్రాలు పొడిచి వరసగా గుచ్చాడు ఉస్తాద్ దగ్గరి పిలగాడు, ఎందుకంటే ఏ వాల్వు ఏ సీటు మీద అరిగిందో మళ్లీ దాని మీదే కూర్చోవాలి. మా పాప స్కూలు నుంచి వచ్చి, పొట్టిగా ఉన్నవీ పొడుగ్గా ఉన్నవీ కలిసిపోయాయని అనుకుందో ఏమో, వాటిని మెరుపును బట్టి చక్కగా సర్దిపెట్టింది. పిలగాడు వాటికి పేస్టు పూసి మొదటి నుంచి మళ్లీ రుద్దుకున్నాడు. కానీ ఏమీ అనలేదు, పాప ఇచ్చిన బిస్కెట్లు తిన్నాడు.

టర్బో సంగతి వచ్చేసరికి ఇంకో పంచాయితీ. ఆయిల్ టర్బోలోంచి కూడా లీకవుతోంది, లోపలి కోర్ మార్చాలన్నాడు ఉస్తాద్. ఎగ్జాస్ట్ గాలితో తిరుగుతూ ఇంజన్ లోపలికి గాలి నెట్టే ఆ చిన్న చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటుతుందని, దాన్ని మోసేది సన్నటి ఆయిల్ పొర మాత్రమేనని నేను చెబితే నాన్న నవ్వాడు. "లక్షనా? మన సీలింగ్ ఫ్యాన్ ఎంత తిరుగుతదిరా?" మూడు నాలుగు వందలు అన్నాను. ఆయన కాసేపు ఫ్యాన్ వంకే చూసి, "మరి గంత తిరిగేదానికి గిన్ని పైసలేనా, ఇంకా మంచిది లేదా?" అన్నాడు. నాన్నను ఒప్పించడానికి ఇంత తేలికైన దారి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇక ఇంజన్ ఆయిల్. ఈ ఇంజన్‌కు ఫిల్టర్‌తో కలిపి ఆరు లీటర్లు పడుతుంది. చిన్న డబ్బాలు కొనేకన్నా పది లీటర్ల బకెట్ చవక అని బకెట్ తెచ్చాం. మంచి గట్టి బకెట్, మూత కూడా ఉంది. వచ్చిన రోజు నుంచీ అమ్మ దాని వంక చూస్తూనే ఉంది, "అది ఖాళీ ఎప్పుడైతది?" అని ఉస్తాద్‌ను రెండు మూడు మాట్ల అడిగింది కూడా.

ఉస్తాద్ ఇంజన్ ఎక్కించి, ఆరు లీటర్లు కొలిచి పోసి, స్టార్ట్ చేసేది మంగళవారం పోయినంకే అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ మధ్య రోజుల్లో ఏం జరిగిందో మాకు తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. కొత్త బోరు ఆయిల్ ఎక్కువ తాగుతుందని నాన్న ఒక లీటరు పోశాడు. ఇంజన్ కట్టినంక ఒక లీటరు అదనంగా ఉంటే మంచిదని ఏదో వీడియోలో చూశానని బామ్మర్ది ఒక లీటరు పోశాడు. ఉస్తాద్ ఫోన్లో "ఆయిల్ అయ్యిందా?" అని మామూలుగా అడిగితే, పొయ్యమంటున్నాడనుకుని పిలగాడు కూడా ఒక లీటరు వంచాడు. ఎవరికి వాళ్లు మంచి మనసుతోనే చేశారు.

డిప్‌స్టిక్కుతో ఆయిల్ ఎంతుందో ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది. అది సన్నగా, పొడుగ్గా, చివర కొంచెం వంపుతో ఉండటంతో ఎన్నాళ్ల క్రితమో నాన్న వీపు గోక్కోవడానికి తీసుకుపోయాడు. దాని గొట్టంలో పిలగాడు గుడ్డ కుక్కి పెట్టాడు. స్టార్ట్ చేసే రోజు డిప్‌స్టిక్కు కోసం ఇల్లంతా వెతికారు, నాన్న దాని మీదే ఆనుకుని కూర్చుని ఉన్నాడు కానీ వెతుకుతున్నది దేన్నో ఆయనకు తెలియదు. "పోనీ తియ్యండి, నేనే కొలిచి పోసిన, చూసేదేముంది" అన్నాడు ఉస్తాద్.

కొబ్బరికాయ కొట్టాం. ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాం, బండి ఇంకా కదలదని తెలిసినా. ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించలేదు, ముందు ఇంజన్ మోత వినాలని నాన్న తొందర. హ్యాండ్ పంపు కొట్టి, ఇంజెక్టర్ పైపుల నట్లు వదులు చేసి ఎయిర్ తీసి, సెల్ఫ్ కొడితే నాలుగు దగ్గులు దగ్గి అందుకుంది. ఎంత నున్నగా నడుస్తోందంటే నాన్న బోనెట్ మీద చెయ్యి వేసి అట్లనే నిల్చున్నాడు. టీచర్ సారు గోడ మీదుగా చప్పట్లు కొట్టారు. ఉస్తాద్ కొంచెం రేస్ ఇచ్చి కాలు తీశాడు.

కాలు తీసినా మోత తగ్గలేదు, పెరిగింది.

ఉస్తాద్ కీ తిప్పాడు. ఇంజన్ ఇంకా పెరిగింది. కీ పూర్తిగా బయటికి తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు, మాకూ చూపించాడు. "కీ లేకుండనే నడుస్తున్నది, సూపర్ ఇంజన్ బావా!" అన్నాడు బామ్మర్ది.

పెట్రోల్ బండికి స్పార్క్ ఆపితే ఆగుతుంది. డీజిల్ ఇంజన్‌కు స్పార్కే ఉండదు, గాలిని ఇరవయ్యో వంతుకు దగ్గరగా నొక్కితే అదే ఐదు వందల డిగ్రీలు దాటి కాగుతుంది, అందులో కాలేది ఏది పడినా అంటుకుంటుంది. కీ తీస్తే డీజిల్ ఆగుతుంది, నిజమే, కానీ మా ఇంజన్ అప్పటికి డీజిల్ మీద నడవట్లేదు. మోతాదు మించిన ఆయిల్‌ను కింద తిరిగే క్రాంక్ చిలికి నురగ చేస్తే, ఆ నురగ ఇంజన్ లోపలి ఆవిరి పోయే బ్రీదర్ పైపులోంచి టర్బోలోకి, అక్కణ్నుంచి సిలిండర్లలోకి పోతోంది, అది తాగి ఇంజన్ ఇంకా వేగంగా తిరుగుతోంది, తిరిగిన కొద్దీ ఇంకా చిలుకుతోంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఇలాంటి ఇంజన్‌ను పల్లీ నూనెతో నడిపి చూపించారు. మా బామ్మర్దిది వనపర్తి దిక్కు, పల్లీలు పండే నేల, ఈ సంగతి అతనికి తర్వాత చెబితే తన పుట్టింటి గొప్పగా చెప్పుకున్నాడు. ఆ ఇంజన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1913లో ఇంగ్లండ్‌కు ఓడలో పోతూ రాత్రికి రాత్రి మాయమయ్యాడు. కారణం ఈ రోజుకూ ఖాయంగా తేలలేదు గానీ, ఆ సాయంత్రం మా వాకిట్లో నిల్చున్నవాడికి కొంత అర్థమయ్యేది.

పొగ కాలనీని కమ్మేసింది. మున్సిపాలిటీ వాళ్లు దోమల పొగ కొడుతున్నారనుకుని రెండు వీధుల అవతల దాకా జనం సంతోషంగా తలుపులు తెరిచి పెట్టారు. "ఇటు మోరీ దిక్కు కూడా కొట్టండి సారూ" అని ఎవరో అరిచారు.

ఉస్తాద్ అయిదో గేరు వేసి క్లచ్ వదిలాడు. అలా చేస్తే బ్రేకు మీద నిలబడ్డ బండి ఇంజన్‌ను ఆర్పేస్తుంది. కానీ గేరుకూ చక్రాలకూ మధ్య షాఫ్టే లేదు కదా, గేర్‌బాక్స్ ఒంటరిగా గిర్రున తిరిగింది, అంతే. అప్పుడు ఆయన దూకి ఎయిర్ ఫిల్టర్ పైపు ఊడబెరికి, "గాలి బంద్ చెయ్యాలె! ఏదన్నా తెండి!" అని అరిచాడు. బామ్మర్ది తువ్వాలతో ఉరికాడు. "గుడ్డ వద్దు, లోపలికి గుంజుతది, టర్బో పోతది!" నాన్న అరచెయ్యి పెట్టబోయాడు. "చెయ్యి అసలే వద్దు పెద్దసారూ!" టీచర్ సారు గోడ మీదుగా క్యాలెండర్ అందించారు, అది తారీఖులతో సహా సగం లోపలికి పోబోతుంటే పిలగాడు లాక్కున్నాడు.

అమ్మ వంటింట్లోంచి రొట్టెల పీట తెచ్చి ఉస్తాద్ చేతికిచ్చింది. ఆయన దాన్ని ఆ పైపు మూతికి ఫట్‌మని అదిమిపట్టాడు. ఇంజన్ గింజుకుంది, బండి మొత్తం వణికింది, పీట ఊడి రానంత గట్టిగా అతుక్కుంది, తర్వాత ఇంజన్ ఒక ఉలికిపాటుతో ఆగిపోయింది.

ముందు ఉస్తాద్ కూర్చున్నాడు, తర్వాత మిగతా వాళ్లం. చాయ్ తాగాక, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ విప్పి అందులో చేరిన ఆయిల్ వంపాడు, టర్బో చక్రాన్ని వేలితో కదిపి చూసి, ఆట లేదు, బతికింది అన్నాడు. తర్వాత ఆయిల్ ఉండే సంప్ బోల్టు విప్పడానికి కిందికి దూరి, "గా బకెట్ ఇట్లియ్యండి" అని చెయ్యి చాపాడు. బకెట్ కనబడలేదు. అప్పుడు మొదలయ్యాయి ఒప్పుకోళ్లు, నాన్న ఒక లీటరు, బామ్మర్ది ఒక లీటరు, పిలగాడు ఒక లీటరు. ఆరూ మూడూ తొమ్మిది. బకెట్‌లో ఇంకా ఒక లీటరు ఉండాలి, ఆ లెక్కన బకెట్ కూడా ఉండాలి.

పిలగాడు ఇంటి చుట్టూ తిరిగి వచ్చి, పక్క సందులో ఉందన్నాడు. పోయి చూస్తే అడుగున మేకుతో రంధ్రాలు పొడిచి, ఎర్రమట్టి నింపి, గులాబీ కొమ్మ నాటి ఉంది.

"అమ్మా, ఇందులో ఆయిల్ ఉండాలె కదా?"

"ఉండె బిడ్డా, అడుగున కొంచెం. మీరందరు పోసే బొక్కలనే నేను గూడ పోసిన. పారబొయ్యలేదు" అంది అమ్మ, పీట మీద గుండ్రంగా పడ్డ నల్ల మచ్చను బూడిదతో రుద్దుతూ.