గేట్ ఎక్కడో తేల్చకుండా హింజ్ గీయకండి

కారు బానెట్ ఎత్తి చూడండి. ఫ్యూజ్ బాక్సు మీద, వైరింగ్ పోయే దారి మీద ప్లాస్టిక్ మూతలుంటాయి. వాటిలో కొన్నిటికి పిన్ను ఉండదు, స్ప్రింగ్ ఉండదు, మూతా డబ్బా కలిపి ఒకటే ముక్క. రెండిటి మధ్య ఒక పల్చటి పట్టీ ఉంటుంది, మడిస్తే మడతపడుతుంది, తెరిస్తే తెరుచుకుంటుంది. మా పనిలో దాన్ని లివింగ్ హింజ్ అంటారు. షాంపూ సీసా మూతకి ఉండేదీ అదే. మందం పావు మిల్లీమీటరు నుంచి అర మిల్లీమీటరు దాకా ఉంటుంది, అంతే. నేను రోజూ గీసేది దీన్నే, ఇవాళ నా కోపం కూడా దీని గురించే.

మొన్న ఒక వైరింగ్ కవరు టెస్టులో ఫెయిలైంది. మామూలు గది వేడిలో వేలసార్లు తెరిచి మూసినా ఏమీ కాలేదు. మైనస్ 30 డిగ్రీల చాంబర్లోంచి తీసి మూత ఎత్తారు, టక్కున రెండు ముక్కలైంది. మీటింగులో అందరూ అన్నమాట ఒకటే: "హింజ్ మరీ పల్చగా గీశావు, మందం పెంచెయ్." ముక్కని చేతిలోకి తీసుకుని చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

నేను తెచ్చుకుని భూతద్దం కింద పెట్టి చూశాను. ఈ కవరు చేసే ప్లాస్టిక్ పాలీప్రొపిలీన్, పొట్టిగా పీపీ. దాంతో చేసిన మంచి హింజ్ ఊరికే తెగదు. ముందు తెల్లబారుతుంది, సాగుతుంది, అంచు పీచులు పీచులుగా లేస్తుంది. ఈ ముక్క అంచున ఆ తెలుపే లేదు, చాక్‌పీసు విరిచినట్టు నున్నగా ఉంది. విరగని ముక్క ఇంకోటి తీసుకుని లైటు కింద వాల్చి చూస్తే, హింజ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా వెంట్రుకంత గీత. వెల్డ్ లైన్, అంటే అతుకు గీత! కరిగిన ప్లాస్టిక్ మోల్డ్‌లోకి, అంటే అచ్చులోకి, దూరే ద్వారాన్ని గేట్ అంటాం. నా డ్రాయింగులో డబ్బా వైపు మాత్రమే గేట్ ఉంది, ప్లాస్టిక్ అటునుంచి వచ్చి హింజ్ దాటి మూతలోకి పోవాలి. మూత త్వరగా నిండటం లేదని మోల్డ్ దశలో ఎవరో మూత వైపు ఇంకో గేట్ పెట్టించారు. నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. రెండు వైపుల నుంచీ వచ్చిన ప్లాస్టిక్ సరిగ్గా ఆ పల్చటి చోట ఎదురుపడింది, ఎదురుపడేసరికి రెండు మొనలూ చల్లబడ్డాయి, పైకి అతుక్కున్నట్టే ఉంటాయి గానీ లోపల ఒకదాన్లో ఒకటి అల్లుకోలేదు.

అసలు ఈ హింజ్ ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఆ రెండో గేట్ ఎవరూ పెట్టరు. వేడి ప్లాస్టిక్ ఆ సన్నటి సందులోంచి దూరి పోయేటప్పుడు దాని పొడవాటి అణువుల గొలుసులు ప్రవాహం వైపు సర్దుకుంటాయి, అంటే మడత గీతకి అడ్డంగా, ఒడ్డు నుంచి ఒడ్డుకి తాళ్లు కట్టినట్టు. మోల్డ్‌లోంచి బయటికొచ్చిన వెంటనే, ముక్క ఇంకా వేడిగా ఉన్నప్పుడే, నాలుగైదుసార్లు మడిస్తే అవి ఇంకా సాగి గట్టిపడతాయి. బలమంతా అక్కడిదే. అంటే హింజ్ కంప్యూటర్లో గీస్తే పుట్టదు, మోల్డ్‌లో ప్లాస్టిక్ పారే దారిలో పుడుతుంది. గేట్ మార్చారంటే హింజ్ మార్చినట్టే.

ఇక "మందం పెంచెయ్" సంగతి. 0.3 మిల్లీమీటర్ల మందం, 1.5 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పట్టీని పూర్తిగా 180 డిగ్రీలు మడిస్తే, లెక్క కట్టి చూస్తే బయటి వైపు సాగుదల దాదాపు 31 శాతం వస్తుంది. అదే మందాన్ని 0.5 చేయండి, 52 శాతం. మందం పెంచితే బలం పెరగడం మాట అటుంచి, మడిచిన ప్రతిసారీ పడే బాధ పెరుగుతుంది. ఏబీఎస్ లాంటి గట్టి ప్లాస్టిక్‌తో చేస్తే కొన్ని మడతలకే పోయేది. పాలీప్రొపిలీన్ సాగి తట్టుకుంటుంది కాబట్టి బతికిపోతున్నాం, దాని ఓర్పుకీ ఒక హద్దు ఉంది కదా.

అలాగని మరీ పల్చగా చేసినా కుదరదు. హింజ్ దగ్గర ప్లాస్టిక్ అన్నిటికంటే ముందు గడ్డకడుతుంది, ఆ తర్వాత అవతలి మూతలోకి ఒత్తిడి అందదు, మూత మీద గుంటలు పడతాయి, వంకర పోతుంది. సరైన మందం ట్రయల్‌లో గానీ తేలదు, అందుకే మొదటి మోల్డ్‌లో సందు కాస్త తక్కువ పెట్టించమని ఎప్పుడూ అడుగుతాను. ట్రయల్ చూసుకుని మోల్డ్ ఉక్కు ఇంకొంచెం తీసేయొచ్చు, ఒకసారి తీసేసిన ఉక్కుని మళ్లీ పెట్టడమంటే వెల్డింగు, ఖర్చు, టెన్షన్.

మెటీరియల్ విషయంలో జరిగేది ఇంకా ఘోరం. ఒక పాత ప్రాజెక్టులో ఫిల్లర్, అంటే కలిపే పొడి, ఏమీ లేని కోపాలిమర్ రకం పీపీ అని స్పష్టంగా రాసిచ్చాను. తీరా మోల్డ్ తయారయ్యాక 20 శాతం టాల్క్ రాతిపొడి కలిపిన గ్రేడ్ వచ్చి కూర్చుంది. అడిగితే, పక్కనున్న ప్యానెళ్లకి అదే వాడుతున్నాం, రెండూ పీపీనే కదా అన్నారు. పేరొక్కటే అయితే గుణం ఒక్కటే అవుతుందా? టాల్క్ ప్యానెల్‌ని గట్టిగా, వేడికి వంగకుండా ఉంచుతుంది, దానికది మంచిదే, కానీ హింజ్‌కి కావలసిన సాగే గుణాన్ని అదే తినేస్తుంది. సున్నా డిగ్రీల చుట్టుపక్కలే పాలీప్రొపిలీన్ బిగుసుకోవడం మొదలవుతుంది, అందుకే కదా హోమోపాలిమర్, అంటే ఉత్త పీపీ, వద్దు, చలికి ఆగే కోపాలిమర్ కావాలని మొత్తుకునేది.

అన్నిచోట్లా లివింగ్ హింజే పెట్టమని నేను అనను. గ్లవ్ బాక్సు లాగా బరువు మోసే చోట, మనిషి చెయ్యి ఆన్చే చోట పిన్ను పెట్టండి, దానికి ఎసిటాల్ అనే ప్లాస్టిక్ బాగుంటుంది.

ఇంత చిన్న పట్టీకి ఇంత గొడవా అనేవాళ్లకి ఎయిర్‌బ్యాగ్ మూత గుర్తుచేస్తాను. బ్యాగు కొన్ని పదుల మిల్లీసెకన్లలో నిండిపోతుంది, దాని మీది మూత చీలి తెరుచుకోవాలి, హింజ్ దగ్గర మాత్రం పట్టుకుని ఉండాలి, గడ్డకట్టే చలిలో కూడా. అక్కడ హింజ్ తెగితే ఆ ముక్క ఎగిరొచ్చేది ఎదురుగా కూర్చున్న మనిషి మీదికే. మా వైరింగ్ కవరు అంత ప్రాణాంతకం కాదు, నిజమే. కానీ చలిలో ఒక మెకానిక్ దాన్ని తెరుస్తాడు, అది చేతిలో విరుగుతుంది, బండి ఓనరు అతన్ని తిడతాడు. పాలీప్రొపిలీన్‌కి మామూలు సూపర్ గ్లూ సరిగ్గా అంటుకోదు కాబట్టి అతికించనూ లేడు, ట్యాగుతో కట్టి పంపిస్తాడు, సందులోంచి నీళ్లు లోపలికి పోతాయి. తప్పు మాది, తిట్లు అతనికి. నన్ను బాధపెట్టేది ఇదే.

చివరికి ఆ భూతద్దం ఫోటోలు నాలుగు ప్రింట్ తీసి టేబుల్ మీద పెడితే గానీ వినలేదు. మూత వైపు గేట్ మూసేస్తున్నారు. మందం 0.3 దగ్గరే ఉంటుంది. మోల్డ్ వేడి కొంచెం పెంచి ఒక్క గేట్‌తోనే నింపి చూస్తాం, మెషిన్ దగ్గరుండే ఆపరేటర్ ప్రతి ముక్కనీ వేడి మీదే ఐదుసార్లు మడిచి ట్రేలో వేయాలని షీటులో రాయించాను. వచ్చే వారం ట్రయల్, ఆ ముక్కలు మళ్లీ అదే మైనస్ 30 చాంబర్లోకి వెళ్తాయి. ఈసారి మూత ఎత్తేటప్పుడు నేను అక్కడే ఉంటాను.