పథ్యంలో లేని పదార్థం

పథ్యం విషయంలో తెలుగువాళ్లను మించినవాళ్లు లేరు. చేపల పులుసు తిన్న పూట పెరుగు ముట్టరు, బొల్లి వస్తుందని. దెబ్బ తగిలితే వంకాయ మానేస్తారు, చీము పడుతుందని. పచ్చకామెర్లయితే ఆ ఇంట్లో తాలింపు చప్పుడు కూడా వినపడదు. ఇంత నిష్ఠాగరిష్ఠులు రెండు పెగ్గుల మీద నొప్పి మాత్ర వేసుకోవడం గురించి ఒక్క ఆంక్షా పెట్టలేదంటే, అందులో ప్రమాదం లేదనే కదా అర్థం? ఉంటే పెద్దలు చెప్పకుండా ఊరుకుంటారా?

ఈ సిద్ధాంతం మీద మా బావగారికి అపారమైన గురి. పోయిన వేసవిలో గ్యాస్ సిలిండర్ ఎత్తబోతే నడుం పట్టేసింది. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. చీటీ చేతికి రాగానే అక్క అందుకుంది. "వంకాయ పెట్టొచ్చాండీ?" పెట్టండి అన్నారు. "గోంగూర?" పర్లేదన్నారు. "రాత్రిపూట పెరుగు?" డాక్టరుగారు గడియారం చూసుకున్నారు. బయట ఇంకా పాతికమంది ఉన్నారు. తాగే అలవాటుందా అని ఆయన అడగలేదు. అడిగినా బావగారు "అప్పుడప్పుడూ అండీ" అనేవారు. వారానికి అయిదు రోజులను మా ఇళ్లలో అప్పుడప్పుడూ అంటారు.

అయిదు రోజులకు రాసిన మాత్రలు రెండు రోజులకే ఇమ్మన్నారు బావగారు. మెడికల్ షాపు కుర్రాడు కత్తెర తీసి టకటకా కోసిచ్చాడు. ఆ షీటు వెనక ఎర్రగీత పక్కన, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఏవో హెచ్చరికలున్నాయి. అవి కత్తెరకు అవతలి పక్కన ఉండిపోయాయి. మన దగ్గర ఇంటికి వచ్చేవి మాత్రలే, హెచ్చరికలు షాపులోనే భద్రంగా ఉంటాయి.

ఇంతకీ వచ్చినవి రెండు రకాలు. ట్రమడాల్, పారాసెటమాల్ కలిపిన మాత్ర ఒకటి, ఎసిక్లోఫెనాక్ ఒకటి. ఈ ట్రమడాల్‌ను కేంద్రం 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. మా అక్క ఇంట్లో మాత్రం అది టీవీ కింద సొరుగులో, అమృతాంజనం సీసా పక్కన, పాత కరెంటు బిల్లుల మీద కొలువుతీరింది.

బావగారిని తెలివితక్కువవారని అనుకోకండి. ఆయనకో గ్యాప్ సూత్రం ఉంది. ఎనిమిదింటికి క్వార్టరు, పదకొండింటికి మాత్ర. మూడు గంటలు ఎడం ఉంటే రెండూ ఎదురుపడవట. లెక్క వేద్దాం. క్వార్టరంటే 180 మిల్లీలీటర్లు, సీసా మీద 42.8 శాతం. అంటే అచ్చంగా 60 గ్రాముల ఆల్కహాలు. లివరు గంటకు తేల్చగలిగేది సుమారు ఏడు నుంచి పది గ్రాములు. పదకొండింటికి మాత్ర దిగేసరికి ఆ పాతకాలపు గుమాస్తా బల్లమీద సగానికి పైగా ఫైళ్లు అలాగే ఉంటాయి.

పారాసెటమాల్ లివర్లో అరిగేటప్పుడు కొంచెం విషం పుడుతుంది. దాన్ని విరిచే సరుకు, గ్లూటాథయోన్, లివర్లోనే ఉంటుంది. రోజూ తాగేవారికి విషం ఎక్కువ పుడుతుంది, విరుగుడు తక్కువ మిగులుతుంది. అందుకే మామూలు మనిషికి రోజుకు 4 గ్రాములు హద్దయితే, వీళ్లకు 2 గ్రాములు దాటొద్దంటారు చాలామంది డాక్టర్లు. 650 మిల్లీగ్రాముల మాత్రలు మూడు వేస్తే ఆ అంచుకు చేరినట్టే. కాంబినేషన్ మాత్రలో ఉన్న 325, జలుబు మాత్రలో ఉన్న 500 మన లెక్కలోకి రావు, అవి వేరే మాత్రలు కదా! మోతాదు మించినా మొదటిరోజు మనిషి బాగానే తిరుగుతాడు. కళ్లు పచ్చబడటానికి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటికి నింద మొన్న తిన్న పెళ్లిభోజనం మీదికి పోతుంది.

ఎసిక్లోఫెనాక్‌ది ఇంకో దారి. నొప్పిని తగ్గించే దెబ్బతోనే కడుపు లోపలి పొరకున్న కాపలానూ తీసేస్తుంది. కాపలా లేని ఇంట్లోకి విస్కీ జొరబడితే లోపల పుండుపడి రక్తం కారొచ్చు, విరేచనం తారులా నల్లగా కావచ్చు. బావగారు దీనికి ముందుజాగ్రత్తగా పరగడుపునే ఓ గ్యాస్ మాత్ర వేసుకుంటారు, ఇన్సూరెన్సు కట్టినట్టు. ఆ పాలసీ కడుపు వరకే. లివరుకూ ఊపిరికీ వర్తించదు.

ఊపిరి సంగతి రెండో రాత్రి తెలిసింది. బావగారి గురక మా వీధిలో పేరుమోసింది. ఒంటిగంటకు అది ఆగిపోయేసరికి అక్కకు మెలకువ వచ్చింది. ఒక గురక. మనసులో పన్నెండు లెక్కపెట్టాక ఇంకొకటి. లైటు వేస్తే పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి, కుదిపినా పలకలేదు. ట్రమడాలూ ఆల్కహాలూ రెండూ మెదడును జోకొట్టేవే. రెండూ కలిసి జోకొడితే, ఊపిరి తియ్యమని గుర్తుచేసే భాగం కూడా నిద్రపోతుంది. 108 వచ్చింది. రెండు రోజులు ఐసీయూలో ఉంచి పంపారు.

ఈసారి పెద్ద డాక్టరుగారు ఏ అనుమానానికీ తావివ్వలేదు. డిశ్చార్జి చీటీ మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, కింద రెండు గీతలు గీసి మరీ రాశారు: "మందు పూర్తిగా మానెయ్యాలి."

వారం తర్వాత పలకరిద్దామని వెళ్లాను. బావగారు నడుం పట్టుకుని మూలుగుతున్నారు. ఎదురుగా గ్లాసు, ప్లేటులో వేయించిన పల్లీలు. నాకు నోట మాట రాలేదు. ఆయనే జేబులోంచి చీటీ తీసి చూపించారు.

"చూడవోయ్, పెద్ద డాక్టరే మందు మానెయ్యమన్నాడు. ఆ రోజు నుంచి ఒక్క మాత్ర ముట్టుకుంటే ఒట్టు."

వంటింట్లోంచి అక్క గొంతు వినిపించింది. "ఎందుకైనా మంచిదని వంకాయ కూడా మానిపించాన్రా."