పలకలు చూస్తే చాలదు, మీటరూ చూడాలి

మహిళా సంఘాలు, యువజన బృందాలు, విశ్రాంత ఉద్యోగులు కలిసికట్టుగా సోలార్ ప్లాంట్లు చూడటానికి వెళ్లడం మంచి పరిణామం. రోజూ స్విచ్చు నొక్కే మనలో చాలామందికి ఆ కరెంటు ఎక్కడ పుడుతుందో చూసే అవకాశమే రాదు. అయితే స్వాగత ప్రసంగం, సోలార్ పలకల వరుసల మధ్య గ్రూపు ఫొటో, ఆపైన భోజనాలతో ఆ రోజు గడిచిపోతే మాత్రం బస్సుకు పోసిన డీజిలు దండగే. సందర్శకులకు ప్లాంటు గొప్పలతో పాటు దాని ఇబ్బందులూ చూపించాలన్నది మా అభిప్రాయం.

ముందుగా పలకను వెనక వైపు నుంచి చూపించాలి. అక్కడి స్టిక్కరు మీద ఉన్న వాట్ల అంకె ప్రయోగశాలలో తేల్చింది. చదరపు మీటరుకు 1,000 వాట్ల వెలుతురు పడుతూ, పలకలోని సెల్ (వెలుతురును కరెంటుగా మార్చే చిన్న బిళ్ల) 25 డిగ్రీల వద్ద ఉన్నప్పటి లెక్క అది. మండువేసవి మధ్యాహ్నం పలక వేడి 60 డిగ్రీలు దాటిపోతుంది. 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి డిగ్రీకీ సిలికాన్ పలక ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం దాకా తగ్గుతుంది. ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువనుకుని వచ్చినవారు ఇక్కడే కంగుతింటారు. ఇక పలక మూల పక్షి రెట్ట పడిందనుకోండి. సెల్స్ ఒకదాని వెంట ఒకటి కలిపి ఉంటాయి కనుక, మరుగున పడ్డ ఒక్క సెల్ మిగతావాటి ప్రవాహాన్నీ పట్టి ఆపుతుంది. అది వేడెక్కి మాడిపోకుండా బైపాస్ డయోడ్ కరెంటును పక్కదారి పట్టిస్తుంది, ఆ మేరకు ఉత్పత్తి పోతుంది. పలకలు తుడిచే కార్మికులకు ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. మేనేజరు గారి ప్రసంగం కాస్త కుదించి, వాళ్లతో మాట్లాడించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది యూనిట్ల లెక్క. 1 మెగావాట్, అంటే 1,000 కిలోవాట్ల సామర్థ్యం రోజంతా పూర్తిగా పనిచేస్తే 24,000 యూనిట్లు రావాలి. బాగా ఎండ కాసే చోట కూడా సోలార్ ప్లాంటు నుంచి వచ్చేది సుమారు 4,000 నుంచి 5,000. ఇందులో మోసమేమీ లేదు. రాత్రి ఉంది, మబ్బు ఉంది. కానీ శిలాఫలకాల మీద మెగావాట్లే చెక్కుతారు, యూనిట్లు చెక్కరు! పలకల నుంచి వచ్చే డీసీ కరెంటును ఇళ్లలో వాడే ఏసీగా మార్చే ఇన్వర్టర్ దగ్గర కాసేపు నిలబడితే, మబ్బు అడ్డురాగానే తెరమీద అంకె జారిపోవడం, అది తొలగగానే మళ్లీ ఎగబాకడం కళ్లారా చూడవచ్చు. ఊళ్లకు కరెంటు చేరవేసే గ్రిడ్‌ను నడిపేవారి తిప్పలేమిటో అప్పుడు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ సందర్శనలను పొద్దున పూటకే ఎందుకు పెట్టుకోవాలి? సూర్యాస్తమయం వేళ వెళ్లాలి. ఇళ్లలో దీపాలు వెలిగి వాడకం పెరిగే సమయానికే ఇక్కడ ఉత్పత్తి సున్నాకు దిగుతుంది. బ్యాటరీలు ఎందుకో, పగటి కరెంటుతో నీటిని పైకి తోడి రాత్రి టర్బైన్ల మీదికి వదిలే జలాశయాలు ఎందుకో అప్పుడు అర్థమవుతుంది.

ఇదంతా సౌరశక్తిని తక్కువ చేయడానికి కాదు. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థ చూపించిన సిలికాన్ సెల్ తన మీద పడిన వెలుతురులో 6 శాతాన్నే కరెంటుగా మార్చింది. ఇప్పుడు మామూలు పలకలే 20 శాతం దాటాయి. 2010 తర్వాతి దశాబ్దంలో వాటి ధరలు 80 శాతానికి పైగా పడిపోయాయి. ఇంత బలం ఉన్న సాంకేతికత ప్రశ్నలకు జంకాల్సిన పనిలేదు.

మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి. ఆ నేల ఇంతకుముందు ఎవరిది, అక్కడ పశువులు మేసేవా, పలకలు కడగడానికి నీళ్లెక్కడివి, పాతికేళ్ల తర్వాత ఈ గాజూ అల్యూమినియమూ ఎటు పోతాయి? యూరోపియన్ యూనియన్ 2012లోనే పాత పలకలను ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల కిందకు తెచ్చింది. జనం అడగడంతో ఆగిపోనక్కర్లేదు, భాగస్వాములూ కావచ్చు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ తీరంలో 2000లో పూర్తయిన మిడిల్‌గ్రుండెన్ గాలిమరల కేంద్రంలో సగం వాటా వేల మంది సభ్యులున్న సహకార సంఘానిదే. అక్కడివి గాలిమరలే అయినా, లెక్కలు అర్థమైన జనం పెట్టుబడికీ ముందుకొస్తారనడానికి ఆ సంఘమే సాక్ష్యం.

ప్లాంట్ల యాజమాన్యాలు భద్రత పేరు చెప్పి ఇన్వర్టర్ల వైపు రానివ్వకపోవచ్చు, అది సబబే. ఉత్పత్తి రిజిస్టరుకు ఆ సాకు చెల్లదు. నిన్నటి యూనిట్లు, గత ఏడాది యూనిట్లు, నీటి వాడకం, భూమి కౌలు గడువు ఒక కాగితం మీద అచ్చువేసి సందర్శకుల చేతికివ్వాలి. సంఘాలు కూడా తేదీ ఖరారు చేసుకునేటప్పుడే ఆ కాగితం అడిగి తీసుకోవాలి.