ప్రదక్షిణ వాణిజ్య శాస్త్రం

దక్షిణాసియా దేశాల మధ్య ఆర్థిక సహకారం చతికిలబడిందని గిట్టనివాళ్లు ప్రచారం చేస్తుంటారు. వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం ఒకే ఒక అంకె. ఈ దేశాలు ప్రపంచంతో చేసే వ్యాపారం నూరు రూపాయలనుకుంటే తమలో తాము చేసుకునేది 5 రూపాయలు. ఆగ్నేయాసియా దేశాల ఆసియాన్ కూటమిలో అది 25 దాకా ఉంటుంది. అంకె నిజమే, కానీ లెక్క కట్టినవాడికి మన సంప్రదాయం తెలియదు. గుడికెళ్లినవాడు తిన్నగా గర్భగుడిలోకి దూరతాడా? ముందు ప్రదక్షిణ చేస్తాడు. మన సరుకూ అంతే, పక్కింటికి పోవాలన్నా ఊరంతా చుట్టి పోతుంది. ఆ చుట్టుడులో కొంత పేరు మార్చుకుంటుంది, కొంత బూజు పడుతుంది, కొంత అసలు బయల్దేరదు. మిగిలినదే ఆ 5 శాతం.

ఈ శాస్త్రానికి మూలపీఠం కాఠ్మండూలోని సార్క్, అంటే దక్షిణాసియా దేశాల కూటమి, సచివాలయం. 1985 డిసెంబరు 8న ఢాకాలో పుట్టిన సార్క్, 2014 నవంబరులో 18వ శిఖరాగ్ర సమావేశం జరుపుకుంది. పందొమ్మిదోది 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సింది, జరగలేదు. ఆ తర్వాత దేశాధినేతలు సార్క్ బల్ల చుట్టూ కూర్చున్నది లేదు. దీన్ని తప్పుపట్టడం అన్యాయం. మాటలే లేని అన్నదమ్ముల మధ్య పోట్లాట ఎక్కడిది?

పైగా కాగితం మీద మనకు స్వేచ్ఛా వాణిజ్యం ఎప్పుడో వచ్చేసింది. 2004 జనవరిలో సంతకాలై, 2006 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఒప్పందం పేరు సాఫ్టా. దాని ప్రకారం సుంకాలన్నీ 5 శాతం లోపలికి దిగాలి, సెన్సిటివ్ లిస్టులో ఉన్నవి తప్ప. రెండో విడత కత్తిరింపుల తర్వాత కూడా పాకిస్తాన్ జాబితాలో 936 రకాల సరుకులు మిగిలాయి. బంగ్లాదేశ్‌ది, నేపాల్‌ది వెయ్యికి అటూ ఇటూ. ‘మీ ఇల్లే అనుకోండి, హాల్లోకీ వంటింట్లోకీ మాత్రం రాకండి’ అనే మర్యాద ఇది. పేద దేశాల విషయంలో భారత్ తన జాబితాను 2011లోనే 25కు తగ్గించి ఉదారత చాటుకుంది. తలుపు తెరిచాక లారీ గుమ్మం దాటడం మాత్రం వేరే సంగతి.

ఆ సంగతి చూద్దాం. గుంటూరు యార్డులో 350 టిక్కీల తేజ మిర్చి లారీకెత్తి బంగ్లాదేశ్ పంపాలి. టిక్కీ అంటే 40 నుంచి 45 కిలోల బస్తా. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఎల్‌సీ (సొమ్ముకు కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) ప్రతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, ఏ దేశపు సరుకో చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ అన్నీ సిద్ధం. విజయవాడ, విశాఖ, భువనేశ్వర్, కోల్‌కతా మీదుగా సరిహద్దులోని పెట్రాపోల్‌కు దాదాపు 1300 కిలోమీటర్లు, అంటే మూడు రోజుల పని. ఎదురుగా కనిపించేది బంగ్లాదేశ్ వైపు బెనాపోల్. మనిషైతే బీడీ కాల్చుకుంటూ నడిచిపోయే దూరం. ఆ దూరం దాటడానికి సరుకు లారీకి సగటున 138 గంటలు పడుతోందని 2021లో ప్రపంచ బ్యాంకు లెక్కగట్టింది. అంటే ఐదు రోజుల 18 గంటలు. ఆ వ్యవధిలో డ్రైవరు గుంటూరు తిరిగొచ్చి ఇంకో లోడు ఎత్తుకుని మళ్లీ పెట్రాపోల్ దారిలో చాలా దూరం వచ్చేయొచ్చు. తూర్పు ఆఫ్రికాలో ఇలాంటి సరిహద్దు ఆరు గంటల్లోపే దాటేస్తారట. తొందరపాటు మనుషులు.

ఈ 138లో 28 గంటలు ఇటు లారీలోని సరుకును అటు లారీలోకి మార్చడానికే పోతాయి. కారణం సాంకేతికం కాదు. మన లారీకి ‘కార్ పాస్’ రాసిచ్చేది బెనాపోల్ యార్డు దాకా పోయి రావడానికే, ఆ దేశపు రోడ్ల మీద తిరగడానికి కాదు. అక్కడ హమాలీలు 350 టిక్కీలు దింపుతారు, షెడ్డులో పేరుస్తారు, తూకాలు, తనిఖీలు అయ్యాక ఆ దేశపు లారీలోకి ఎత్తుతారు. మిగతా గంటలు పార్కింగులో, క్యూలో, కాగితాల్లో కరిగిపోతాయి. ఎల్‌సీలో ఒక అక్షరం తేడా వస్తే ఢాకా బ్యాంకును అడగాలి. అక్కడ శుక్ర, శనివారాలు సెలవు. జవాబొచ్చేసరికి మన బ్యాంకుకు ఆదివారం.

ఈలోగా మిర్చి ఊరుకోదు. 10–12 శాతం తేమ దాకా ఆరబెట్టి పంపిన కాయ, బెంగాల్ వానాకాలపు గాలిని గోనె గుండా పీల్చుకుంటుంది. తేమ ఎక్కితే ముందు రంగు చచ్చిపోతుంది, తర్వాత బూజు, బూజుతో పాటు అది పుట్టించే విషం అఫ్లాటాక్సిన్. ఎత్తీ దించీ తొడిమలు రాలి, కాయ చిట్లి, గింజ సంచి అడుక్కి చేరుతుంది. గుంటూరులో తేజగా బయల్దేరింది అవతలి ఒడ్డున తాలుగా దిగుతుంది, ధర కూడా దానితో పాటే దిగుతుంది. భారతీయ కంపెనీకి బంగ్లాదేశ్ కంపెనీతో కంటే బ్రెజిల్‌తోనో జర్మనీతోనో వ్యాపారం చేయడం 15–20 శాతం చవక అని అదే బ్యాంకు తేల్చింది. పొరుగింటి పుల్లకూర రుచి అన్నవాడు దాని రవాణా బిల్లు చూడలేదు.

లారీలు మార్చే బాధ తప్పించడానికే 2015 జూన్‌లో థింఫూలో బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ మోటారు వాహనాల ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆ నవంబరులో ఒక లారీ కోల్‌కతా నుంచి ఢాకా మీదుగా తిన్నగా అగర్తలా వెళ్లి చూపించింది కూడా. ట్రయల్ రన్ విజయవంతం. విజయవంతమైనందువల్లే కాబోలు, ట్రయల్ దాటి ముందుకు పోలేదు. ఇంతమంది లారీలు వస్తే మా కొండదారుల గతేమిటని భూటాన్ ఎగువ సభ అడ్డం తిరిగింది. మిగిలిన ముగ్గురూ నియమావళి రాసుకుంటూనే ఉన్నారు.

2024 అక్టోబరులో పెట్రాపోల్‌లో కొత్త సరుకు ద్వారం తెరిచారు. పేరు మైత్రీ ద్వార్. గేటు వెడల్పయింది, అటూ ఇటూ పోయే సరుకు మాత్రం చిక్కిపోయింది. 2025 ఏప్రిల్‌లో మన నూలు భూమార్గంలో రావద్దని ఢాకా అంది. మే నెలలో బంగ్లాదేశ్ రెడీమేడ్ దుస్తులు భూమార్గంలో రావద్దు, కోల్‌కతా రేవుకో ముంబయి పక్కనున్న న్హావా షేవా రేవుకో రమ్మని ఢిల్లీ అంది. జూన్‌లో జనపనారకు ఆ రెండోదే దిక్కన్నారు. ఇక్కడ శాస్త్రం పరాకాష్ఠకు చేరింది. జనపనార కొనే మిల్లులు కోల్‌కతా చుట్టూ, హుగ్లీ ఒడ్డున ఉంటాయి. బెనాపోల్ నుంచి అక్కడికి గట్టిగా 80 కిలోమీటర్లు. ఆ ఆదేశం ప్రకారం ఆ నార చిట్టగాంగ్ వెళ్లి ఓడెక్కాలి, శ్రీలంకను చుట్టి రావాలి, అరేబియా సముద్రంలో దిగాలి, అక్కణ్నుంచి 2000 కిలోమీటర్లు రైల్లోనో లారీలోనో వెనక్కి రావాలి. ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినవాణ్ని మనం ఇన్నాళ్లూ అనవసరంగా ఎగతాళి చేశాం.

అసలైన సమైక్యత చూడాలంటే వంటనూనె డబ్బా తెరవాలి. నేపాల్‌లో ఆయిల్ పామ్ తోటలు లేవు. అయినా 2018–19లో ఆ దేశపు ఎగుమతుల్లో పామాయిల్ అగ్రస్థానంలో నిలిచింది. 2020 జనవరిలో శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతి మీద భారత్ ఆంక్ష పెట్టింది. నేపాల్ నొచ్చుకోకుండా సోయా నూనెకు మారింది. సోయా పంట కూడా అక్కడ అంతంత మాత్రమే.

మర్మం సుంకంలో ఉంది. 2024 సెప్టెంబరులో భారత్ శుద్ధి చేసిన నూనెల మీద సుంకాన్ని సెస్సులన్నీ కలిపి 35.75 శాతానికి పెంచింది. నేపాల్ నుంచి వస్తే సాఫ్టా పుణ్యమా అని సున్నా. ఆ సున్నాకూ 35.75కూ మధ్య ఉన్న సందులో ట్యాంకర్లు పరుగెడతాయి. ముడినూనె విదేశాల నుంచి హల్దియాకో కోల్‌కతాకో వస్తుంది. నేపాల్‌కు సొంత రేవు లేదు కాబట్టి మన గడ్డ మీదుగానే వందల కిలోమీటర్లు పోయి బీర్‌గంజ్, బిరాట్‌నగర్ మిల్లుల్లోకి దిగుతుంది. జిగురు తీస్తారు, బ్లీచింగ్ మట్టితో రంగు తీస్తారు, పీడనం తగ్గించి వేడి ఆవిరితో వాసన తీస్తారు. వాసనతో పాటు పుట్టుక కూడా పోతుంది. వచ్చిన దారినే బీహార్ సరిహద్దులోని రక్సౌల్, జోగ్‌బనీ దాటి నేపాలీ నూనెగా భారత్‌లోకి తిరిగొస్తుంది.

నిబంధన లేకపోలేదు. కనీసం 30 శాతం విలువ అక్కడే జోడయిందని కాగితం చూపించాలి. శుద్ధి ఖర్చు నూనె ధరలో చాలా చిన్న భాగం. మరి 30 ఎక్కడిది? అది ఇన్‌వాయిస్ రాసేవాడి చేతి మహిమ. 2020 సెప్టెంబరు నుంచి పుట్టుక వివరాలన్నీ దిగుమతిదారే సేకరించి ఐదేళ్లు దాచాలని కొత్త రూలు తెచ్చారు. బీరువాలు అమ్మేవాళ్లకు మేలు జరిగింది. ఈ విద్యకు ఆదిగురువు శ్రీలంక. 2000లో అమల్లోకొచ్చిన భారత్–లంక ఒప్పందం తర్వాత, బయటి పామాయిల్‌తో అక్కడ రాత్రికి రాత్రి వనస్పతి మిల్లులు మొలిచాయి. చివరికి ఏడాదికి రెండున్నర లక్షల టన్నులని మనం కోటా గీయాల్సి వచ్చింది.

పెదవేగిలోనో అశ్వారావుపేటలోనో గెలలు కోసే రైతుకు ఇదంతా దూరపు ముచ్చట కాదు. దేశంలో పండే ఆయిల్ పామ్‌లో సింహభాగం రెండు తెలుగు రాష్ట్రాలదే. గెల ధర ముడి పామాయిల్ ధరకూ, ఓఈఆర్‌కూ, అంటే గెలల్లోంచి నూటికి ఎంత నూనె దిగుతుందనే లెక్కకూ, ముడిపడి ఉంటుంది. ఆ రైతుకు రక్షణగా ఢిల్లీ కట్టిన సుంకం గోడ ఎత్తుగానే ఉంది, రక్సౌల్ వైపున తలుపు కూడా ఉంది.

కరెంటు సరుకు కాదు, దాన్ని ఓడెక్కించలేం. అయినా శాస్త్రం దాన్ని విడిచిపెట్టలేదు. నేపాల్ జలవిద్యుత్తు 40 మెగావాట్లు మన తీగల మీదుగా బంగ్లాదేశ్‌కు అమ్మడానికి 2024 అక్టోబరు 3న మూడు దేశాలూ సంతకం చేశాయి, యూనిట్ 6.4 అమెరికా సెంట్లు. సరఫరా వానాకాలంలోనే, ఏటా జూన్ 15 నుంచి నవంబరు 15 వరకు. ప్రారంభోత్సవం నవంబరు 15న పెట్టారు. ముగ్గురు మంత్రులు తెరల మీద కనిపించి మీట నొక్కారు, అర్ధరాత్రికి సీజన్ అయిపోయింది. మళ్లీ కరెంటు పారడానికి ఏడు నెలలు పట్టింది. ఇంకో మాట, చైనా పెట్టుబడిగానీ చైనా కాంట్రాక్టరు చెయ్యిగానీ ఉన్న ప్రాజెక్టు కరెంటును మనం కొనం. ఎలక్ట్రాను తీగెక్కే ముందు గోత్రం చెప్పుకోవాలి.

ఎండు ఖర్జూరానికి అది చాతకాలేదు. తాంబూలంలో పసుపు కొమ్ము పక్కన పెట్టే ఈ కాయలు ఒకప్పుడు ఎక్కువగా పాకిస్తాన్ నుంచి, పంజాబ్ సరిహద్దులోని అటారీ మీదుగా లారీల్లో వచ్చేవి. 2019 ఫిబ్రవరిలో మనం 200 శాతం సుంకం వేశాం, ఆగస్టులో వాళ్లు వ్యాపారమే ఆపేశారు. 2025 మే 2న దొడ్డిదారి దిగుమతిని కూడా నిషేధించాం. మరుసటి నెలలోనే రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు 39 కంటైనర్ల పాకిస్తానీ సరుకు పట్టుకున్నారు. 1115 టన్నులు, విలువ దాదాపు 9 కోట్లు. కరాచీలో బయల్దేరి, దుబాయ్‌లో పెట్టె మారి, కాగితాల్లో ఎమిరేట్స్ పౌరసత్వం పుచ్చుకుని, జనపనార దిగే ఆ న్హావా షేవాలోనే దిగాయి. అవి పట్టుబడినవి. మిగతావాటి సంగతి పురోహితుడికీ తెలియదు. ఆయన పెళ్లికొడుకు గోత్రం అడుగుతాడు గానీ, పళ్లెంలో ఖర్జూరానిది అడగడు.