అల్యూమినియం రిసీవర్ డ్యూటీకి పనికిరాదా?

పోలీసు డ్యూటీ వంటి పని కోసం పంప్ యాక్షన్ షాట్‌గన్ (ముందు పట్టును చేత్తో వెనక్కీ ముందుకూ లాగితే తూటా మారే తుపాకీ) ఎంచుకునేవారికి అమెరికాలో తరచుగా వినిపించే సలహా ఒకటి ఉంది. రెమింగ్టన్ కంపెనీ 870 తుపాకీ రిసీవర్ (లోపలి భాగాలను పట్టి ఉంచే నడిమి పెట్టె) ఉక్కు కాబట్టి ఏ 870 కొన్నా జీవితాంతం మన్నుతుందని, మరో కంపెనీ అయిన మాస్‌బర్గ్ తుపాకీ రిసీవర్ అల్యూమినియం కాబట్టి గట్టి తూటాలకు తట్టుకోదని, పంప్ తుపాకీ అయితే ఇరుక్కుపోవడం అనేదే ఉండదని ఆ సలహా సారాంశం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేతిలో ఉండే వస్తువును ఈ మాటల మీద ఎంచుకోవడం సరికాదు కాబట్టి ఒక్కో అంశాన్నీ పరిశీలించవలసి ఉంది.

అల్యూమినియం గురించిన భయం, పేలుడు ఒత్తిడిని ఏ భాగం మోస్తుందో చూడకపోవడం వల్ల పుట్టింది. తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే ఒత్తిడిని, తూటా వెనుక మూసి ఉంచే బోల్ట్ అడ్డుకుంటుంది. ఆ బోల్ట్‌ను కదలనివ్వకుండా పట్టి ఉంచే ఉక్కు దిమ్మ పైకి లేచి, బ్యారెల్ వెనుక పొడిగింపులో కోసిన గాడిలో కూర్చుంటుంది. మాస్‌బర్గ్ 500లోనూ 870లోనూ ఏర్పాటు ఇదే. మాస్‌బర్గ్ బ్యారెల్ ఊడదీసి వెనుక కొసను వెలుతురుకు పట్టి చూస్తే, ఎక్కువగా కాల్చిన తుపాకీలో ఆ గాడి వెనుక అంచు రంగు పోయి మెరుస్తూ ఉంటుంది. ఒత్తిడి పడుతున్నది అక్కడే, అది ఉక్కే. రిసీవర్ ఈ భాగాలను దారి తప్పకుండా నడిపించే పెట్టె మాత్రమే. అమెరికా సైన్యం షాట్‌గన్లకు నిర్దేశించిన మిల్-ఎస్-3443 ప్రమాణం పూర్తి శక్తి గల బక్‌షాట్ (పెద్ద గుండ్లు నింపిన) తూటాలు 3,000 కాల్చి పరీక్షించాలని కోరుతుంది. ఆ పరీక్షలో నెగ్గిన మాస్‌బర్గ్ 590ఏ1 రిసీవర్ కూడా అల్యూమినియమే. మాస్‌బర్గ్‌లో నిజంగా అనుమానించవలసింది 500 రకం మీద ఉండే ప్లాస్టిక్ సేఫ్టీ మీట, ప్లాస్టిక్ ట్రిగ్గర్ గార్డు. 590ఏ1లో ఈ రెండూ లోహంతో చేసినవి, బ్యారెల్ గోడ కూడా మందం.

ఏ 870 అయినా ఒకటేనన్నది ఇంతకంటే పెద్ద పొరపాటు. 1950ల ఆరంభం నుంచి వస్తున్న ఈ తుపాకీలో తక్కువ ధరకు అమ్మిన ఎక్స్‌ప్రెస్ రకం వేరు, పోలీసు రకం వేరు. పోలీసు రకానికి తుప్పును బాగా ఆపే పార్కరైజింగ్ పూత ఉంటుంది, మ్యాగజైన్ (తూటాలు నిల్వ ఉండే గొట్టం) స్ప్రింగ్ మరింత బలంగా ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ మీది గరుకు నలుపు పూత తేమ తగిలితే త్వరగా తుప్పు పడుతుంది. రిసీవర్ ఉక్కుదే అయినా, వర్షంలో తడిసి గుడ్డతో తుడవని తుపాకీకి ఆ ఉక్కే శత్రువు అవుతుంది.

మరమ్మతు సంగతి ఆ సలహాలో అసలు కనిపించదు, నా దృష్టిలో మన్నికలో సగం అదే. 870లో కాల్చిన డొల్లను బయటికి విసిరే ఎజెక్టర్‌ను రివెట్లతో రిసీవర్‌కు బిగిస్తారు, తూటాలను ఒక్కొక్కటిగా వదిలే లాచ్‌లను రిసీవర్‌లోకే నొక్కి బిగిస్తారు. అవి వదులైతే ఆయుధాల మెకానిక్ చేతికి ఇవ్వక తప్పదు. మాస్‌బర్గ్‌లో ఎజెక్టర్‌ను పట్టి ఉంచేది ఒకే ఒక్క స్క్రూ, ట్రిగ్గర్ భాగం తీయగానే లాచ్‌లు చేతిలోకి వస్తాయి.

పంప్ తుపాకీ ఇరుక్కోదన్న మాట మనిషిని లెక్కలోంచి తీసేస్తుంది. సెమీ ఆటోమేటిక్‌లో తుపాకీ చేసే పనిని ఇక్కడ ఎడమ చెయ్యి చేయాలి. కంగారులో పట్టును చివరిదాకా వెనక్కి లాగకపోతే డొల్ల బయటికి పోదు, లేదా కొత్త తూటా పైకి రాదు. మన ఊళ్లలో బ్యాంకు గార్డు భుజాన కనిపించే రెండు గొట్టాల తుపాకీలో ఈ తప్పుకు తావే లేదు, అయితే అందులో ఉండేవి రెండు తూటాలే.

అన్నిటికంటే ముందు గుర్తించవలసింది, డ్యూటీ తుపాకీ కాల్చేది తక్కువ, మోసేది ఎక్కువ అన్న సంగతి. అది నెలల తరబడి పోలీసు కారు ర్యాక్‌లో కుదుపులు తింటూ, దుమ్ము పట్టి, మ్యాగజైన్ స్ప్రింగ్ నొక్కుకుపోయి ఉంటుంది. సేఫ్టీ ఆపేది ట్రిగ్గర్ నొక్కును మాత్రమే, కింద పడ్డ దెబ్బకు తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ ముందుకు దూకడాన్ని కాదు. అందుకే ఛాంబర్ (పేల్చడానికి తూటా కూర్చునే బ్యారెల్ వెనుక గది) ఖాళీగా ఉంచి మ్యాగజైన్ మాత్రమే నింపే పద్ధతి అమెరికా పోలీసుల్లో స్థిరపడింది. పోలీసు శాఖలు వదిలించుకున్న పాత తుపాకీ కొనేటప్పుడు కూడా బయటి గీతలు చూసి వెనుదిరగవద్దు. ముందుగా ఛాంబర్, మ్యాగజైన్ రెండూ ఖాళీ అని వేలితో తడిమి నిర్ధారించుకుని, మ్యాగజైన్ స్ప్రింగ్ బయటికి తీసి మ్యాగజైన్ గొట్టం పక్కన పెట్టి పొడవు చూడండి, ఎజెక్టర్‌ను వేలితో కదిపి చూడండి, ఛాంబర్ లోపల టార్చి వేసి తుప్పు గుంటలు ఉన్నాయేమో చూడండి, ఆ తరువాతే రిసీవర్ ఏ లోహమని అడగండి.